పేరు చెప్పని ఉపకారి



బెంగళూరు కాటన్‌పేట మీలో చాలామందికి తెలిసిన చోటే. మన వైపు నుంచి బస్సెక్కి మెజెస్టిక్‌లో దిగితే నడిచి వెళ్ళేటంత దూరం. కన్నడంలో దాన్ని అరళెపేటె అంటారు. అరళె అంటే దూది. ఏటా చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి బయలుదేరే కరగ ఊరేగింపు ఈ పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాకు వచ్చి వెళుతుంది. దారి పొడుగునా జనం మల్లెపూలు చల్లుతారు. గౌరవించడమంటే మనకు అలవాటైన పద్ధతి అదే. పూలు, దీపాలు, శాలువా, నలుగురి చప్పట్లు.

ఇవాళ నేను చెప్పబోయేది ఆ శాలువా వద్దనే మనుషుల గురించి. తాగుడులో మునిగినవారికి చెయ్యందించి గట్టుకు చేర్చినవారి గురించి.

మా బడిలో చదివిన ఒక పిల్లవాడి తండ్రి కాటన్‌పేటలో మూటలు మోసేవాడు. కూలి డబ్బు ఇంటికి చేరేది కాదు. కొన్నేళ్ళ తర్వాత కనబడితే మనిషే మారిపోయాడు. తాగుడు మానేశాడట. "ఎవరు మాన్పించారు?" అని అడిగాను. "ఒకాయన సార్. పేరు మాత్రం అడగద్దండి" అన్నాడు. వేళాకోళమనుకున్నాను. అది వాళ్ళ సంఘం నియమమని తర్వాత తెలిసింది.

ఆ సంఘం పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. అంటే పేర్లు బయటపెట్టని తాగుడు బాధితుల సంఘమని అర్థం. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఇది మొదలైంది. బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి అప్పటికి కొన్ని నెలలుగా తాగుడు మాని ఉన్నాడు. వచ్చిన పని చెడిపోయి, హోటల్లో ఒంటరిగా ఉన్నప్పుడు మళ్ళీ తాగాలనిపించింది. సాటి తాగుబోతు ఎవరితోనైనా మాట్లాడితే తప్ప నిలవలేననుకుని వరుసగా ఫోన్లు చేశాడు. చివరకు బాబ్ స్మిత్ అనే డాక్టరును కలిశాడు. ఆయనా తాగుడుకు బానిసే. వాళ్ళిద్దరూ కలిసి ఈ సంఘానికి పునాది వేశారు. మన దేశానికి ఇది 1957లో వచ్చింది.

గమనించారా? ఎదుటివాడికి సాయం చేయడమే తనకు మందు అని బిల్ తెలుసుకున్నాడు. అందుకే ఈ సంఘంలో రుసుము లేదు. సమావేశంలో ఒక్కొక్కరు లేచి తమ కథ చెప్పుకుంటారు. ముందుగా మానినవాడు కొత్తవాడికి తోడుంటాడు. జన్మంతా తాగనని ఒట్టు పెట్టించుకోరు. ఈ ఒక్క రోజు తాగకుండా ఉంటే చాలంటారు. రేపటి సంగతి రేపు.

లోపల పేరు పెట్టే పిలుచుకుంటారు. పత్రికల్లో, రేడియోలో మాత్రం సభ్యుడిగా తమ పేరు చెప్పుకోరు. కొత్తగా వచ్చేవాడికి ఉద్యోగం పోతుందని, బంధువుల్లో చులకనవుతానని భయం ఉంటుంది. మానినవాడికి కీర్తి తలకెక్కితే అదీ ప్రమాదమే. 1954లో యేల్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇస్తామంటే బిల్ విల్సన్ వద్దన్నాడు.

పేరు చెప్పుకోదగిన ఉపకారులూ ఉన్నారు. చెన్నైలో శాంతి రంగనాథన్ గారి భర్త చిన్న వయసులోనే తాగుడుకు బలయ్యారు. ఆమె ఇంట్లో కూర్చుని ఏడవలేదు. ఆ చదువు చదువుకుని, 1980లో భర్త పేరుమీద చికిత్సాలయం ప్రారంభించారు. 1992లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. అదే కాలంలో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్నవారు, సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం పెరిగి 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం మాత్రం 1997లో సడలిపోయింది. చట్టం దుకాణాన్ని మూయగలదు, మళ్ళీ తెరవగలదు. చేతులు వణుకుతున్న మనిషి పక్కన కూర్చోవడానికి మాత్రం ఇంకో మనిషే కావాలి.

మరి పేరు తెలియనివారిని మనం గౌరవించేదెలా? వాళ్ళు నిలబెట్టిన మనిషిని మనం పడదోయకుండా ఉంటే చాలు. పెళ్ళిళ్ళలో, జాతరల్లో "ఒక్క గుక్కేగా" అని బలవంతం చేయకండి. మానినవాడు ఒకసారి జారితే నవ్వకండి, మళ్ళీ సమావేశానికి పంపండి. ఇంకొక్క మాట. ఏళ్ళ తరబడి రోజూ తాగేవారు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. డాక్టరు సలహా లేకుండా గదిలో పెట్టి తాళం వేయకండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఆ మూటల పనివాడు ఈమధ్య మళ్ళీ కనిపించాడు. వెంట ఒక కుర్రవాడున్నాడు, గడ్డం మాసి, తల వంచుకుని. "ఎవరీ అబ్బాయి?" అని అడగబోయి ఆగిపోయాను. "టీ తాగుదాం రండి సార్" అన్నాడాయన. ముగ్గురం తాగాం. తర్వాత వాళ్ళిద్దరూ సమావేశానికి వెళ్ళిపోయారు.