యంత్రబాలుని కంఠధ్వని

అమెరికాదేశమునందు గ్రెగ్ మిల్లరను చిత్రకారుఁడు “వాటెవర్ హాపెన్డ్ టు రోబోట్ జోన్స్?” అను పేర నొక కదలుబొమ్మల కథామాలికను బాలురకొఱకు నిర్మించెను. అది కార్టూన్ నెట్‌వర్క్ అను టెలివిజన్ సంస్థవారిచేత 2002 జూలై నెలలో నారంభింపఁబడి 2003 నవంబరులో ముగిసినది. భాగములు 13 మాత్రమే. మనుష్యబాలురతోఁ గూడి పాఠశాలకుఁ బోవు నొక యంత్రబాలుఁ డిందలి నాయకుఁడు. బొమ్మలకథకు సాహిత్యపరిశోధకుల పత్రికయందుఁ జోటేల యని చదువరులు శంకింపవచ్చును. ఈ యంత్రబాలునకు మొదటి విడతయందొక కంఠమును, రెండవ విడతయందు వేఱొక కంఠమును గల్పింపఁబడినవి. మొదటిది కంప్యూటరు కంఠము. రెండవది మానవబాలుని కంఠము. ఈ మార్పు వాక్స్వరూపమునకు సంబంధించిన ప్రశ్న గావున వ్యాకరణశిక్షాశాస్త్రములయందుఁ బరిశ్రమ చేసినవారు విచారింపఁదగినది. మొదటి కంఠమే కథకుఁ బ్రాణమనియు, దానిని మాఱ్చుటచేఁ గథార్థము సన్నగిల్లిన దనియు నా యభిప్రాయము. దానికిఁ గారణములను జూపెదను.

మొదట నామవిచారము. ‘రోబోట్’ అను శబ్దమును లోకమునకుఁ బరిచయము చేసినది చెక్ భాషయందు కారెల్ చాపెక్ రచించిన ‘ఆర్. యు. ఆర్.’ అను నాటకము. అది 1920లో వెలువడి 1921లోఁ బ్రాగునగరమునఁ బ్రదర్శింపఁబడెను. ఈ శబ్దమును సూచించినవాఁడు రచయిత యన్నయగు యోసెఫ్. ఆ భాషయందు ‘రోబోత’ యనఁగా వెట్టిచాకిరి. దీనికి మూలమగు స్లావు శబ్దమునకు దాసుఁడని యర్థము. తల్లిదండ్రులు లేనివాఁడని యర్థమిచ్చు గ్రీకు ‘ఓర్ఫనోస్’, లాటిన్ ‘ఓర్బుస్’ శబ్దములను, మన సంస్కృతమునందలి ‘అర్భ’, ‘అర్భక’ శబ్దములను భాషాశాస్త్రజ్ఞులు దీనితోఁ గూర్చి యొకే ధాతుకుటుంబముగాఁ జెప్పుచున్నారు. స్వతంత్రబలము లేక పరుల యధీనమున నుండుట యీ యర్థములన్నిటికిని సామాన్యము. కావున రోబోటును అర్భకుఁడును దూరపుజ్ఞాతులు. యంత్రమును బాలునిగాఁ జేసి బడికిఁ బంపిన యీ కథకుఁ డెఱిఁగియో యెఱుఁగకయో యా పురాతనబాంధవమును మఱల నిలిపినాఁడు.

ఇఁకఁ గథ. కాలము 1980వ సంవత్సరప్రాంతమును బోలినది. కాని యా లోకమున యంత్రపురుషులు వీథులయందును ఇండ్లయందును సామాన్యముగాఁ గనఁబడుచుందురు. జోన్స్ వారిలో నొక కుటుంబమునఁ బుట్టి మనుష్యుల పాఠశాలకుఁ బోవుచున్నాఁడు. లెక్కలును శాస్త్రపాఠములును వానికిఁ గష్టములు గావు. పుస్తకములయందు లేని విద్యయే వానికిఁ గష్టము: ఎప్పుడు నవ్వవలయును, ఎందులకు సిగ్గుపడవలయును, స్నేహితుఁ డనఁగా నెవఁడు అనునవి. సాక్స్ అను సంగీతప్రియుఁడైన బాలుఁడు వానికిఁ జెలికాఁడు. కవలసోదరులిరువురు వాని తెలివికి నసూయపడువారు. షానన్ అను బాలికపై వానికి మక్కువ. ఆమె కాలొకటి లోహమయము. పలువరుసను సరిచేయుటకై నోటికిని లోహసాధనము తగిలింపఁబడియున్నది. ఇతరబాలురు వేనిని వికారములుగా నెంచుదురో, యవియే వీని కన్నులకు సౌందర్యములు. ఈ చిన్నసంగతియందే కథాకర్త హృదయము తెలియుచున్నది.

మొదటి విడతయందు జోన్సు మాటలను మనుష్యుఁ డెవ్వఁడును బలుకలేదు. రచయితలు వ్రాసిన వాక్యములను మాకింటాష్ కంప్యూటరునందలి పఠనసాధనము చదువఁగా నా ధ్వనినే బొమ్మకుఁ గూర్చిరి. ఇట్టి సాధనములు పనిచేయు తీరు శిక్షాశాస్త్ర మెఱిఁగినవారికి సులభముగా బోధపడును. అవి మొదట వ్రాఁతను ధ్వనులుగా విభజించును. ఏ ధ్వని యెంతసేపు నిలువవలయునో, స్వరమెచ్చట హెచ్చి యెచ్చటఁ దగ్గవలయునో నియమములనుబట్టి నిర్ణయించును. పిమ్మట నా ధ్వనులను వరుసగా వినిపించును. వర్ణవిభాగము, కాలము, స్వరము అను మూఁడును అందుఁ గలవు. ఊపిరి మాత్రము లేదు.

పాణినీయశిక్షయందుఁ బాఠకునకు గుణము లాఱును, దోషము లాఱును జెప్పఁబడియున్నవి. మాధుర్యము, అక్షరస్పష్టత, పదవిభాగము, సుస్వరము, ధైర్యము, లయ యనునవి గుణములు. వీనిలో నక్షరస్పష్టతయుఁ బదవిభాగమును యంత్రమునకుఁ గావలసినంత గలవు, మాధుర్యసుస్వరములు లేవు. దోషములలో వ్రాసినదానిని జూచి చదువుట యొకటి, అర్థము తెలియక చదువుట మఱియొకటి. ఆ రెండును యంత్రమునకు స్వభావములే. శాస్త్రరీత్యా యిది యధమపాఠకుఁడు. అయినను ఈ కథయందు దోషమే గుణమైనది. అది యెట్లనిన:

ఆ శిక్షయే మాట పుట్టు క్రమమును జెప్పుచు నోటితో నారంభింపదు, ఆత్మతో నారంభించును. చెప్పవలయునను కోరిక, అనఁగా వివక్ష, మనస్సును గదల్పఁగా, దేహాగ్నియు వాయువును దానివెంటఁ గదలును. నోటియందలి స్థానప్రయత్నములు కట్టకడపటివి. లోకమున నర్థము తెలియని పాఠకునకు నోరుండి వివక్ష లేదు. జోన్సున కన్ననో వివక్ష నిండుగ నుండి దానిని మోయఁదగిన యూపిరి లేదు. స్నేహమును గోరును, భయపడును, ప్రేమించును. ఆ మాటలన్నియు నొకే యెండుస్వరమున వెలువడును. లోపలి కోరికకును వెలుపలి ధ్వనికిని గల యీ యెడమే కథయందలి హాస్యమునకును గరుణమునకును స్థానము.

మన కథలయందును యంత్రమనుష్యులు లేకపోలేదు. సోమదేవుని కథాసరిత్సాగరమున రత్నప్రభాలంబకమునందు నరవాహనదత్తుఁ డొక పట్టణమును బ్రవేశించును. అచ్చటి జనులందఱును గొయ్యబొమ్మలు. ప్రాణము గలవారివలె సంచరించుచున్నను, మాట లేమినిబట్టి యవి నిర్జీవములని యతఁడు గ్రహించును. కాంచీనగరమునుండి పాఱివచ్చిన రాజ్యధరుఁడను వడ్రంగి యా నగరమును నిర్మించినవాఁడు. అచ్చట మాట యుండుటలేకుండుటలే జీవనిర్జీవములకు హద్దు. నేఁటి యంత్రము మాటాడుచున్నది. ఆ హద్దు చెరిగిపోయినది. ఇఁక హద్దును మాటయందుఁగాక మాట వెనుకనున్న వివక్షయందు వెదకవలసియున్నది. జోన్సు కథ యీ వెదకుటను బాలురకు నేర్పుచున్నది.

రెండవ విడతకు వచ్చుసరికి నిర్మాతలు కంప్యూటరు కంఠమును మాని బాబీ బ్లాక్ అను బాలనటునిచేఁ బలికించిరి. మొదటి విడతభాగములను మఱలఁ బ్రదర్శించునపుడు వానికిని ఈ కంఠమునే యతికించిరి. దీనిని సమర్థించువారు, “యంత్రధ్వని చెవులకు శ్రమకరము, దుఃఖసంతోషములు దానిచేఁ దెలియవు, బాలురకు బాలకంఠమే యింపు” అని చెప్పవచ్చును. ఈ వాదము తేలికగాఁ ద్రోసివేయఁదగినది గాదు. ఆలంకారికులు కంఠధ్వనియందలి వికారమును కాకువందురు. “వాఁడు వచ్చినాఁడు” అను నొకే వాక్యము కాకుభేదముచేఁ బ్రశ్నయగును, ఆశ్చర్యమగును, నిందయు నగును. కాకువు లేని మాట సగము మాటయే యని యెవరైన నన్నచో నందు సత్యము గలదు.

కాని కాకువు లేనిచోట శ్రోత యేమి చేయును? భర్తృహరి వాక్యపదీయమున శబ్దార్థనిర్ణయమునకుఁ బ్రకరణము మొదలగు సాధనములను బెక్కింటిని జెప్పియున్నాఁడు. స్వరము సహాయపడనప్పుడు శ్రోత ప్రకరణము నాశ్రయించును. జోన్స్ ఏడ్పుగొంతు లేకయే తన దుఃఖమును జెప్పినపుడు, చూచు బాలుఁడు జరిగిన సంగతినిబట్టి యా దుఃఖమును దానే యూహింపవలయును. తోడివిద్యార్థులు గ్రహింపని దానిని వాఁడు గ్రహించును. అందుచేఁ గథయందలి యంత్రముతోఁబాటు కథ చూచు బాలుఁడును విద్యార్థి యగుచున్నాఁడు. మానవకంఠము వచ్చిన వెంటనే దుఃఖము గొంతులోనే తెలిసిపోవును. ఊహింపవలసిన పని తప్పును. అంతేగాక, అందఱివలెనే పలుకువానిని జూచి తరగతివారేల నవ్వుదురను ప్రశ్నకు రూపమొక్కటియే సమాధానముగా మిగులును.

యంత్రకంఠము నిజజీవితమున నొక మనుష్యుని స్వకంఠమైన దృష్టాంతమును గలదు. భౌతికశాస్త్రజ్ఞుఁడగు స్టీఫెన్ హాకింగ్ 1985లో శస్త్రచికిత్సచే మాట పోఁగొట్టుకొని యటుపిమ్మట యంత్రముచేఁ బలికించెను. తరువాత నంతకంటె సహజమైన కంఠములు లభించినను, లోకము తన్నా ధ్వనితోనే గుర్తించుచున్నదని 2018లో మరణించువఱకు దానినే నిలుపుకొనెను. ఆయన మాట యంత్రముది గాదని యెవ్వఁడును ననలేదు. యంత్రముదని యెవ్వఁడును భ్రమపడలేదు. వివక్ష యెవనిదో వాక్కు వానిదే.

ఈ విచారము బొమ్మలకథతోఁ దీఱునది గాదు. ప్రతిపాఠశాలయందును నత్తిగల బాలుఁడో, మాండలికభేదముచేఁ దక్కినవారి చెవులకు వింతగా వినఁబడు బాలికయో, యంత్రసాధనముచే మాటాడు పిల్లయో యుండవచ్చును. తరగతి వారి స్వరమును మాత్రమే విని నవ్వుచుండును. స్వరదోషములను దిద్దుట శిక్షాశాస్త్రపుఁ బని. కాని యా శాస్త్రమే స్వరమునకు ముందు వివక్షను జెప్పినది. ఉపాధ్యాయుఁడు మొదట వినవలసినదియు నదియే. జోన్సు మొదటి కంఠము మనచేత నట్లు వినిపించినది గావుననే నిలుపఁదగియుండెను.