కూలిన చెట్టు పొయ్యి పాలు కావలసిందేనా?

తూర్పు తీరంలో తరాలుగా స్థిరపడిన మనవాళ్ళకు తుపాను కొత్త చుట్టమేమీ కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి బరంపురాన్ని అతలాకుతలం చేసింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడ్డది. 2016 డిసెంబరు 12న వర్ధా చెన్నపట్నాన్ని ఊపేసింది. పన్నెండో తేదీకి మన తీరంతో ఏమి పగయో తెలియదు. ఆ తరువాత 2018లో తిత్లీ, 2019 మే 3న ఫణి. ప్రతిసారీ పెంకులు తిరిగి నేసుకున్నాము, గోడలు లేపుకున్నాము. కూలిన చెట్లను మాత్రం కట్టెల తూకానికి అమ్మేశాము.

చెట్టు కూలిన తరువాత మొదటి రెండు రోజుల్లో జరిగేది అందరికీ తెలిసిందే. దారి తెరవాలి గనుక కూలీలు మిషను రంపంతో వస్తారు. కొమ్మలు కొట్టి, మానును రెండేసి అడుగుల మొద్దులుగా కోసి ట్రాక్టరు మీద వేస్తారు. అవి ఇటుక బట్టీకో, హోటలు పొయ్యికో చేరతాయి. తాతగారు నాటిన పనస అయినా, మూడు తరాల పిల్లలు ఉయ్యాల ఊగిన చింత అయినా అడితిలో అన్నిటికీ ఒకటే కాటా. అదే మానును ఎనిమిది పదడుగుల నిడివిన ఉంచి నిలువునా పలకలు కోయిస్తే, భోజనాల బల్ల అవుతుంది, వీధి తలుపు అవుతుంది, ఉయ్యాల బల్ల అవుతుంది. రెండడుగుల మొద్దు చేశాక సాక్షాత్తు విశ్వకర్మ దిగివచ్చినా పీటలు, కత్తిపీటలు తప్ప మరేమీ చేయలేడు. కనుక ఆలోచించుకోవలసినది ఆ మొదటి రెండు రోజుల్లోనే.

కోత మిల్లుకు తోలించవచ్చును గదా అంటారు. మూడడుగుల లావు, పదడుగుల నిడివి గల పచ్చి దుంగ సుమారు 70 ఘనపుటడుగులు. బరువు రెండు టన్నులకు అటూ ఇటూ. పెరట్లోనుంచి దాన్ని బయటికి తేవాలంటే క్రేను కావాలి, క్రేను రావాలంటే సందు వెడల్పు కావాలి, ఒక్కొక్కచోట ప్రహరీ గోడ కొట్టాలి. తీరా తీసుకుపోతే, అంత లావు దుంగ మా రంపానికి ఎక్కదని చిన్న మిల్లు వారు వెనక్కి పంపుతారు.

వెనుక ఈ పనికి కోతవాళ్ళు ఉండేవారు. గుంట తవ్వి, దాని మీద దుంగను ఎత్తి, ఒకడు పైన నిలబడి, ఒకడు గుంటలో దిగి, పెద్ద రంపాన్ని పైకీ కిందికీ లాగుతూ రోజుల తరబడి కోసేవారు. పైవాడు గీటు తప్పకుండా చూసుకోవాలి. కిందివాడి కళ్ళ నిండా పొట్టే. దుంగ దగ్గరికి రంపం రావడమే అందులోని తెలివి. ఆ తెలివినే ఇప్పుడు పెట్రోలు రంపంతో మళ్ళీ పట్టుకున్నారు.

గొలుసు రంపం జర్మనీ సరకు. ఆండ్రియాస్ స్టీల్ అనే ఇంజనీరు 1926లో విద్యుత్తుతో తిరిగేదాన్ని, 1929లో పెట్రోలుతో తిరిగేదాన్ని చేశాడు. కాని ఆనాటి గొలుసు పళ్ళు త్వరగా మొండివారేవి. 1946లో అమెరికాలో, ఆరెగన్ రాష్ట్రంలో, జోసెఫ్ కాక్స్ అనే చెట్లు కొట్టేవాడు ఒక మొద్దులో చెక్కను తొలుచుకుపోతున్న పురుగును పరీక్షగా చూశాడట. దాని దవడలు ఎడమకూ కుడికీ మార్చి మార్చి కొరుకుతున్నాయి. ఆ తీరుననే పళ్ళు చేసి మరుసటి ఏడు అమ్మకానికి పెట్టాడు. నేటి గొలుసులు చాలా వరకు ఆ పురుగు శిష్యులే!

పలకలు కోయడానికి రంపానికి ఒక లోహపు చట్రం బిగిస్తారు. గొలుసు తిరిగే పొడుగాటి పట్టీకీ చట్రానికీ నడుమ ఎంత ఎడం పెడితే పలక అంత మందం వస్తుంది. చట్రం జారడానికి సమమైన తలం కావాలి, దుంగ పైభాగమో గుండ్రం. అందుకని మొదటి కోతకు మాత్రం దుంగ మీద వంకర లేని బల్లనో, లోహపు నిచ్చెననో మరలతో బిగించి దాని మీద నడుపుతారు. ఆ పై పొర తీసేశాక ప్రతి కోతా ముందు కోత తలం మీదనే జారుతుంది. మొదటి కోత వంకరైతే ఆ వంకర కింది పలకలన్నిటికీ సంక్రమిస్తుందన్నమాట. బల్ల సరిచూడటానికి ఒక పూట పట్టినా తొందర పెట్టకండి.

దుంగను కొంచెం వాలుగా పెడితే రంపం తన బరువుకే ముందుకు జరుగుతుంది. కోసిన సందు మూసుకుపోయి పట్టీని పట్టేయకుండా వెనుకనే చెక్క ముక్కలు దూరుస్తూ పోవాలి. అడ్డకోత గొలుసుకు పన్ను సుమారు 30 డిగ్రీల ఏటవాలున పదును పెడితే, నిలువుకోతకు 10 డిగ్రీలు చాలు. ఇంధనం నింపినప్పుడల్లా ఆకురాయి పట్టాలి. పొట్టు రేకుల్లా రాలుతుంటే పదును ఉన్నట్టు, పిండిలా రాలితే పోయినట్టు.

నష్టం లేకపోలేదు. ఈ గొలుసు ఒక్కొక్క కోతకు అంగుళంలో మూడెనిమిదో వంతు చెక్కను పొట్టు చేస్తుంది. 30 అంగుళాల దుంగను రెండున్నర అంగుళాల పలకలుగా కోస్తే తొమ్మిది కోతలకు మూడున్నర అంగుళాల దాకా పొట్టు, పోతే పోయిందనుకోవచ్చును. అదే దుంగను అంగుళం చెక్కలుగా కోస్తే పాతిక వంతు దాటి పొట్టులోకే పోతుంది. సన్న చెక్కలు కావాలంటే మిల్లే మేలు.

మన పెరటి చెట్లకు ఇంకొక రోగం ఉన్నది: మేకులు. బట్టల తీగకు కొట్టినవి, గేదెను కట్టిన కొక్కెం, ఏనాటిదో ఎన్నికల బోర్డు చీల. చెట్టు వాటిని మింగి ఊరుకుంటుంది. ఒక్క మేకు తగిలితే గొలుసు పళ్ళు సగం ఎగిరిపోతాయి. కోసిన కొనలో నీలి నలుపు మరక కనబడితే లోపల ఇనుము ఉన్నదని అర్థం. ఏ పక్క ఏమి కొట్టారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి కోతవాడికి ముందే చెప్పండి.

ఇది ఇంటి కుర్రవాళ్ళు సరదాకు పట్టే పని కాదు. చెవులకు, కళ్ళకు, కాళ్ళకు రక్షణ లేకుండా వచ్చిన కోతవాణ్ణి పనిలో పెట్టకండి. వేళ్ళతో సహా కూలిన చెట్టులో మరొక గండం. మానును కోసి వేరుచేయగానే, దాని బరువు తప్పిపోయి, వేళ్ళ దిమ్మ ఒక్కసారిగా లేచి తిరిగి గుంటలో కూర్చోవచ్చు. ఆ గుంటలో పిల్లలు దాగుడుమూతలు ఆడుతుంటారు. కోత మొదలుపెట్టే ముందు పిల్లలను, పశువులను దూరంగా పంపడం ఇంటివారి బాధ్యత.

అన్ని చెట్లూ ఈ ఖర్చుకు తగవు. పనస సంగతి చెప్పనక్కరలేదు. పసుపు పచ్చని చేవ, ఏళ్ళు గడిచేకొద్దీ ముదురు రంగుకు తిరుగుతుంది. బొబ్బిలి వీణ ఒకే పనస దుంగనుంచి తొలిచేది గదా; మృదంగమూ పనసే. అందుచేత మంచి పనస మాను పడితే పలకలు కోయించే ముందు వాద్యాలు చేసేవారికి ఒక మాట కబురు చేయండి, వారికి కావలసినది పలక కాదు, దిమ్మ. చింతకు చేవ తక్కువ, ముదురు చెట్టులోనే దొరుకుతుంది, దొరికితే ఊదారంగు కలిసిన గోధుమ వన్నెతో ఇనుములా ఉంటుంది. మాంసం కొట్టువారు చింత మొద్దు వాడేది ఊరికే కాదు. వేప తలుపులకు మంచిది. మామిడి మెత్తన, కోతకు సులువు, పురుగుకూ సులువే. నిద్రగన్నేరు అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు. మనవాళ్ళు చులకనగా చూస్తారు గాని హవాయి దీవుల్లో దానితో చక్కని గిన్నెలు, పళ్ళెరాలు చేస్తారు. మూడు నాలుగడుగుల వెడల్పు పలక కావాలంటే మన వీధుల్లో దానికి మించినది లేదు. ఇక తురాయి మీద డబ్బు పెట్టకండి. పూలు చూసి ఆనందించవలసిన చెట్టు అది.

చెట్టు మన పెరటిదైనా అనుమతి సంగతి మరవరాదు. కర్ణాటకలో 1976 నాటి చెట్ల సంరక్షణ చట్టం, ఆంధ్ర తెలంగాణాలలో 2002 నాటి వాల్టా చట్టం ఉన్నవి. పడిన చెట్టును పడినట్టుగానే ఫోటో తీసి, అటవీశాఖ కార్యాలయంలో అడిగిన తరువాతనే కోయించండి. పలకలను మరొక ఊరికి తరలించాలంటే కాగితం వేరే కావచ్చు. చందనం, రక్తచందనం, టేకు అయితే మరీ జాగ్రత్త. ఈ కట్టుబాట్లు విసుగు పుట్టించినా కారణం లేనివి కావు. దుంగ దగ్గరికి వెళ్ళగల రంపం దొంగతో అడవిలోకీ వెళ్ళగలదు. ఆఫ్రికాలోని ఘనా దేశం అమ్మకం కలపను ఈ రంపంతో కోయడాన్ని 1998లోనే నిషేధించింది. అయినా దొంగచాటు కోత ఆగలేదు. ఫిలిప్పీన్సులో 2002 చట్టం ప్రకారం ఈ రంపం ఇంట్లో ఉంచుకోవడానికే అనుమతి కావాలి.

కోత ఒకటి రెండు రోజుల పని. చాలా ఇళ్ళలో కలప పాడయ్యేది ఆ తరువాత. పలకలు రాగానే గోడకు చేరవేసి, ఎండలో పెట్టి, నెల తిరగకుండా వడ్రంగిని పిలుస్తారు. పచ్చి పలక చివరలనుంచి ముందుగా ఆరుతుంది. చివర ముడుచుకుంటుంది, నడుమ ముడుచుకోదు, పగులు బారుతుంది. అందుకని కోసిన రోజునే రెండు కొనలకూ మైనమో, చిక్కని రంగో దట్టంగా పూయాలి. దుంగ నడిబొడ్డు ఉన్న పలక ఎటూ పగిలేదే. దాన్ని మధ్యకు చీల్చి రెండు సన్న పలకలుగా వాడుకోవడం ఉత్తమం.

నీడలో, గాలి ఆడేచోట, నేలకు అడుగున్నర ఎత్తున దిమ్మలు సమంగా పేర్చండి. వాటి మీద పలక, పలకకూ పలకకూ నడుమ అంగుళం మందం ఎండు బద్దలు, అడుగున్నర కొకటి చొప్పున. పై బద్ద సరిగ్గా కింది బద్ద మీదనే ఉండాలి, లేకుంటే పలక ఆ ఒంపుననే బిగుసుకుంటుంది. అన్నిటి మీదా రాళ్ళు పెట్టండి. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కను పురుగు ఇష్టపడుతుంది గనుక వెలిగారమూ, కారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పొడీ వేడినీళ్ళలో కరిగించి, బెరడు తీసిన పలకలకు పచ్చిగా ఉండగానే పూయండి. పిల్లలకు అందనీయకండి.

అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. రెండున్నర అంగుళాల పలకకు రెండున్నరేళ్ళు. బళ్ళారి ఎండల్లో కొంత ముందుగా ఆరవచ్చు, యానాం ఉప్పుగాలిలో ఆలస్యం కావచ్చు. ఆరిందో లేదో తెలియడానికి ఒక ఉపాయం ఉన్నది. కోసిన రోజునే అదే మందం గల ఒక చిన్న ముక్కకు కొనలు మైనంతో మూసి, తూచి, బరువూ తేదీ దాని మీదనే రాసి, దొంతరలో పెట్టండి. నెలకొకసారి వంటింటి కాటా మీద తూచి కింద రాస్తూ పోండి. వానాకాలంలో కొద్దిగా పెరిగితే కంగారు పడకండి. వేసవిలో వరుసగా మూడు నెలలు ఒకే బరువు చూపిన తరువాత వడ్రంగికి కబురు పంపండి.