అటకెక్కిన ఆట

అమలాపురం: సంక్రాంతికి ఊరొచ్చిన కుర్రాళ్ళు అటకెక్కి వెతికేది అమ్మమ్మగారి ఇత్తడి గుండిగల కోసం కాదు. బూజు పట్టిన వీడియో గేమ్ డబ్బా వుందా, దాని వైర్లు ఎలకలు కొరికేశాయా అని. కుర్రాళ్ళంటే ఇప్పుడు నలభై దాటినవారే!

1990 దశకంలో ఆ డబ్బా వున్న ఇల్లు సినిమా హాలుకు తీసిపోయేది కాదు. ఇద్దరు ఆడుతుంటే పదిమంది చాప మీద వంతు కోసం కాచుకునేవారు. కేసెట్ అట్ట మీద లక్షల ఆటలని అంకె వుండేది. తీరా చూస్తే ఆ పదీ ఇరవయ్యే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. బొమ్మ రాకపోతే కేసెట్ ఊడదీసి నోటితో ఊదడం అందరికీ తెలిసిన వైద్యం.

వాటిలో చాలా ఆటలు వట్టి నాసిరకం. పదేళ్ళ వయసులో ఆడాం కనుక తీపిగా తోస్తాయి, అంతే. కాని మేరియో, కాంట్రాల సంగతి వేరు.

సూపర్ మేరియోను 1985లో జపాన్‌కు చెందిన నింటెండో విడుదల చేసింది. 1889లో పేకముక్కలు తయారుచేయడానికి పుట్టిన కంపెనీ అది. పండుగ రోజుల్లో పేక వదలని కోనసీమకు ఇదేమంత వింత కాదు. ఆట మొదలవగానే గోధుమరంగు పురుగులాంటిది ఎదురు నడిచి వస్తుంది. తగిలితే చావు. రెండోసారి పిల్లవాడు ఎగిరి దాని నెత్తిన దూకుతాడు. ఇంగ్లీషు అక్షరం రాకపోయినా పాఠం పూర్తి. 1987 నాటి కాంట్రాలో ఒక్క గుండు తగిలితే ప్రాణం పోతుంది. వున్నవి మూడే ప్రాణాలు. ‘పైకి పైకి, కిందికి కిందికి’ అంటూ ముప్ఫై ప్రాణాలు తెచ్చే మీటల వరస తెలిసినవాడే ఆ వీధికి నాయకుడు.

అరుగు మీద సుద్దముక్కతో గీసే పులి-మేక తీరూ ఇదే. మూడు పులులు, పదిహేను మేకలు. మేకకు చంపే శక్తి లేదు, చుట్టూ కమ్ముకుని పులిని కదలనివ్వకపోవడమే దాని ఎత్తు. ఆట నిమిషంలో వస్తుంది, నేర్పు ఏళ్ళకు గాని రాదు. పైగా పక్కన కూర్చుని ‘ఆ రాయి కాదురా, ఇది జరుపు’ అనేవారికీ అందులో వాటా వుంటుంది.

సెల్‌ఫోన్‌లో బొమ్మలు ఎంత బాగున్నా ఆ వాటా దొరకదు. ఆట కూడా మన చేతిలో వుండదు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. అక్టోబరు 30తో దేశమంతటా ఆ ఆట ఆగిపోయింది. ఫోన్ వుంది, ఆడేవాడున్నాడు, ఆట లేదు. అటక మీది కేసెట్‌ను అలా ఆపగలవాడు లేడు.

అయితే దానికీ ఓ చిక్కు వచ్చిపడింది. తెగిన వైరును అతికించే మెకానిక్ దొరికినా, కొత్త టీవీల్లో చాలావాటికి ఆ పసుపు, తెలుపు పిన్నులు గుచ్చే చోటే లేదు. దాంతో భోగి సాయంత్రం, పాత డబ్బా టీవీ ఏ ఇంట్లో మిగిలిందా అని వీధంతా వాకబు!