మీట కింద ప్లస్ గుర్తు

దుకాణంలో కీబోర్డు ముందు పెడితే నేను మొదట చూసేది లైట్లు కాదు. అడిగి ఒక మీట టోపీ ఊడదీస్తాను. కింద ప్లస్ గుర్తు ఆకారంలో చిన్న కాడ ఉండాలి. అదొక్కటే చాలదు, ఈమధ్య కొన్ని రబ్బరు కీబోర్డులకూ అలాంటి కాడే పెడుతున్నారు. కాడ చుట్టూ ప్రతి మీటకీ విడిగా ఒక స్విచ్చి డబ్బా కనిపిస్తేనే అది మెకానికల్. లేకపోతే, అట్టపెట్టె మీద ‘మెకానికల్ ఫీల్’ అని ఎంత లావు అక్షరాల్లో ఉన్నా లోపలున్నది రబ్బరు బుడిపే.

టైపు మిషను రోజుల్లో ఈ తంటా లేదు. మీట కొడితే అచ్చు లేచి కాగితానికి తగిలేది. అక్షరం పడిందో లేదో వేలికీ చెవికీ ఒకేసారి తెలిసేది. కంప్యూటరు వచ్చాక మీట చేసే పనల్లా ఒక కరెంటు సంకేతం పంపడమే. కరెంటుకు చప్పుడు లేదు. దాంతో ‘పడింది’ అని వేలికి చెప్పే ఏర్పాటు విడిగా చేయాల్సి వచ్చింది. కీబోర్డు కథంతా ఆ జవాబు కోసం వెతుకులాటే.

ఐబీఎం వాళ్లు చెప్పిన జవాబు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. 1981 నాటి వాళ్ల పీసీతో వచ్చిన మోడల్ ఎఫ్‌లోనూ, 1985లో వచ్చిన మోడల్ ఎమ్‌లోనూ ప్రతి మీట కిందా ఒక సన్నని స్ప్రింగు. ప్లాస్టిక్ స్కేలును రెండు చివర్లా పట్టుకుని నొక్కితే కాసేపు బిగబట్టి, చటుక్కున పక్కకు వంగుతుంది కదా, ఈ స్ప్రింగూ అంతే. వంగుతూ గోడకు కొట్టుకుని ‘టక్’మంటుంది, ఆ ఊపుకే అడుగునున్న చిన్న రేకు ఒరిగి అక్షరం పడుతుంది. చప్పుడూ అక్షరమూ ఒకే కదలికలోంచి పుడతాయన్నమాట. మోడల్ ఎమ్ బరువు రెండు కిలోల పైమాటే.

అంత సరంజామా చవగ్గా రాదు. పీసీ ఇంటింటికీ చేరేసరికి వందకు పైగా స్ప్రింగుల స్థానంలో బుడిపెలున్న ఒక్క రబ్బరు షీటు పరిచేశారు. దాని కింద తీగలు అచ్చువేసిన ప్లాస్టిక్ పొరలు. సాధారణంగా బుడిపె పూర్తిగా అణిగి అడుగును తాకితే తప్ప అక్షరం పడదు. రోజంతా టైపు చేసేవాళ్ల వేళ్లకు ఆ సంగతి సాయంత్రానికి తెలుస్తుంది.

అమెరికాలో పుట్టి జర్మనీలో స్థిరపడిన చెర్రీ కంపెనీ 1980లలో తెచ్చిన ఎంఎక్స్ స్విచ్చి వేరే దారి పట్టింది. మన ప్లస్ గుర్తు దానిదే. డబ్బాలో ఒక పక్క రెండు రేకులు, వాటిని విడదీసి ఉంచే ఒక జారుడు ముక్క. మీట 2 మిల్లీమీటర్లు దిగేసరికి ముక్క తప్పుకుని రేకులు కలుస్తాయి. దిగడానికి ఇంకో 2 మిల్లీమీటర్లు మిగిలే ఉంటాయి. అంటే అడుగుదాకా గుద్దక్కర్లేదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఏఎస్‌డీఎఫ్ కొట్టి నేర్చుకున్న చేతులు ఇది నమ్మడానికి కొన్ని వారాలు పడుతుంది.

స్విచ్చి రంగును బట్టి జవాబు మారుతుంది. రెడ్ నున్నగా దిగిపోతుంది, వేలికి ఏమీ చెప్పదు. బ్రౌన్ మధ్యలో చిన్న గతుకు తగిలిస్తుంది. బ్లూ గతుకుతో పాటు ‘క్లిక్’ కూడా అంటుంది. చెర్రీ పేటెంటు గడువు తీరాక కైల్, గేటరాన్, ఔటెము లాంటి చైనా తయారీలు అదే కొలతలో, అదే రంగుల భాషలో స్విచ్చీలు పోసేశాయి. ఇవాళ రెండు మూడు వేల రూపాయలకు మెకానికల్ కీబోర్డు దొరుకుతోందంటే ఆ పుణ్యమే.

ఇక వెలుగు. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు 1960లలోనే ఉన్నాయి. బాగా వెలిగే నీలం మాత్రం 1990ల దాకా రాలేదు. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. మీట కింద వెలిగే తెల్లదీపం కూడా సాధారణంగా నీలం ఎల్‌ఈడీ మీద పసుపు పూతే. స్విచ్చి నడిమధ్య కాడ ఉంటుంది కాబట్టి దీపానికి ఒక పక్కనే చోటు. అందుకే చాలా కీబోర్డుల్లో అంకె పైన, గుర్తు కింద వేస్తే కిందిది మసకగా ఉంటుంది. చవక రకాల్లో ఇంకో మెలిక. పాలరంగు ప్లాస్టిక్ మీద నల్లరంగు పూసి, అక్షరం మేర లేజరుతో గీకేస్తారు. ఏడాదికి రంగు అరిగి అక్షరం ఉబ్బిపోతుంది. రెండు ప్లాస్టిక్‌లు కలిపి పోతపోసిన ‘డబుల్ షాట్’ టోపీలైతే ఆ బాధ లేదు. ఏడు రంగుల హంగుకంటే ఈ ఒక్క మాట చూసుకుని డబ్బు పెట్టడం నయమని నా అభిప్రాయం.

దీపం అక్కరకొచ్చేది ఇల్లు నిద్రపోయాకే. సరిగ్గా ఆ వేళలోనే బ్లూ స్విచ్చి పక్కగదిలో వాళ్లను లేపుతుంది. టైపింగుకు బ్లూయే గొప్పని వాదించేవాళ్లు చాలామట్టుకు ఒంటరిగా పనిచేసుకునేవాళ్లే అయ్యుంటారు! నేను బ్రౌన్‌కు దిగాను. అదీ మౌనం కాదు, మీట అడుగున కొట్టుకునే చప్పుడు ఎలాగూ ఉంటుంది.

నేను తెలుగు కొట్టేది ఇన్‌స్క్రిప్టు అనే మీటల అమరికలో. ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు. ‘స్త్రీ’ అనడానికి ఆరు మీటలు కొట్టాలి, అందులో రెండుసార్లు పొల్లు. ఆ పొల్లు ఉండేది డీ మీట మీద. ఎన్ని రంగుల్లో వెలిగినా నా కీబోర్డు చూపించేది ఆ డీ అక్షరాన్నే, పొల్లును కాదు. వేళ్లు ఎఫ్, జే మీటల మీది చిన్న గీతల్ని తడిమి చోటు పట్టుకుంటాయి. నా పాత కీబోర్డులో అన్నిటికంటే ముందు నున్నబడి అద్దంలా మెరిసింది ఆ డీ మీటే.