మెక్‌ఫర్సన్ పాట – నామవిచారము

స్కాట్లండు దేశమున ఫిడేలుపై వాయింపబడు ప్రాచీనపు వరుసలలో 'మెక్‌ఫర్సన్ రాంట్' అనునది సుప్రసిద్ధము. ఉరికంబమెక్కిన యొక పురుషుని పేర వెలసిన వరుస యిది. దీనికి వేర్వేఱు నామములు కలవు. వాని యర్థములను పరిశీలించినచో పాట చరిత్రము కొంత తేటపడును.

జేమ్స్ మెక్‌ఫర్సన్ అనునతడు ఉన్నతవంశజుడైన తండ్రికిని, జిప్సీ స్త్రీకిని జనించెనని ప్రతీతి. ఓసియను కావ్యములను వెలువరించిన జేమ్స్ మెక్‌ఫర్సన్ (1736–1796) వేఱు. 1700 సం. నవంబరు 8వ తేదీని బాన్ఫ్ పట్టణమున నితనికిని, సహచరులకును శిక్ష విధింపబడెను. వారు ఈజిప్షియనులనియు, దేశదిమ్మరులనియు, ప్రజాపీడకులనియు ప్రసిద్ధి కెక్కిరనుటయే తీర్పునకు మూలము. జిప్సీ శబ్దము ఈజిప్షియను శబ్దభవమే. ఆ నెల 16వ తేదీని, సంతదినమున, పగలు 2, 3 గంటల నడుమ ఉరి తీయవలెనని తీర్పు.

ఐతిహ్యము మఱియొక విధముగ చెప్పును. మెక్‌ఫర్సన్ చెఱలో నీ వరుసను కూర్చి, ఉరికంబము క్రింద వాయించి, తన ఫిడేలును గైకొనువాడెవడని యడిగెనట. ఎవ్వరును ముందునకు రాకపోగా దానిని విఱుగగొట్టెనట. క్షమాపత్రము వచ్చుచున్నదని యెఱిగి యధికారులు గడియారమును ముందునకు జరిపిరట. తీర్పు పలుకులలో ఫిడేలు ప్రసక్తి లేదు. అందలి కాలనిర్ణయమే గడియారపు కథకు బీజమై యుండవచ్చును.

ఇక నామములు. 1710 నాటి మార్గరెట్ సింక్లర్ వ్రాతప్రతిలో నీ వరుస 'టెస్టమెంట్', అనగా మరణశాసనమను పేర కనబడుచున్నది. మరణమునకు పదియేండ్లలోనే వరుస యతని పేరితో ముడివడెనని దీనివలన సిద్ధించుచున్నది. 'కడపటి మాటలు' అను పేర నచ్చయిన యొంటిరేకు పాటలో నాయకుడు తన దుష్కృత్యముల నేకరువు పెట్టి శిక్షార్హుడనని యొప్పుకొనును. 1788లో రాబర్ట్ బర్న్స్ కవి 'స్కాట్స్ మ్యూజికల్ మ్యూజియమ్' రెండవ సంపుటమున దీనిని 'ఫేర్‌వెల్', అనగా వీడ్కోలు, గావించెను. అందు నాయకుడు మృత్యువును ధిక్కరించుచు ఉరికంబము క్రింద నృత్యమాడును. పశ్చాత్తాపము శౌర్యముగ మాఱినది.

'రాంట్' శబ్దమున కింగ్లీషునందు ప్రగల్భవచనమని యర్థము కలదు. అది యిక్కడ పొసగదు. స్కాట్లండు భాషలో నది ఉల్లాసముతో గంతులు వేయుటను, అట్టి నృత్యమునకు తగిన వరుసను తెలుపును. బర్న్స్ పల్లవియందలి క్రియావిశేషణమొకటి యీ ధాతువునుండి పుట్టినదే. కావున రాంట్ నామమును ప్రగల్భములు పలికిన దొంగపాటగ నర్థము చేసికొనుట పొరపాటు.

విఱిగిన ఫిడేలు యతనిదేయని చెప్పబడుచు న్యూటన్‌మోర్ గ్రామమున మెక్‌ఫర్సన్ వంశీయుల ప్రదర్శనశాలలో భద్రపఱుపబడి యున్నది. అది ఐతిహ్యమునకు గుఱుతే కాని ప్రమాణము కాదు. వరుసకు మెక్‌ఫర్సన్ పేరితోడి సంబంధము లిఖితసిద్ధము. అతని కర్తృత్వము సంప్రదాయసిద్ధము. ఈ భేదమును పాటించుట వలన పాటకు గౌరవహాని లేదు. ఒకని మరణశాసనమును జనులు తమ యుల్లాసగీతముగ జేసికొనుటయే దాని నిజమైన చరిత్రము.