లాబీలో పడిన కాలు

పావగడ వైపు బంధుత్వాలున్న పాఠకులకు మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటకం; మూడు ప్రక్కలా మాత్రం ఆంధ్రదేశమే. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. అందుచేత అక్కడ చెడుగుడు పందెం జరిగితే తగాదా తెలుగులో నడుస్తుంది, స్కోరు కాగితం కన్నడంలో నిండుతుంది.

కొన్నేళ్ళ క్రిందట ఒక ఊరి జాతరలో అట్టి కాగితం నింపే పని మాకు అప్పగించారు. వేరుసెనగ పీకిన చేను చదును చేసి, నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీశారు. ఆడుతున్న రెండు ఊళ్ళకూ పిల్లనిచ్చి పుచ్చుకొనే వరుసలున్నవి. చూడ వచ్చినవారిలో ఒక ఊరి అల్లుళ్ళు, మరొక ఊరి మామలు ఉండనే ఉన్నారు. ఆట చివరికి వచ్చేసరికి రెండు జట్లకూ తేడా ఒక్క పాయింటు.

పై ఊరి కుర్రవాడు కూతకు వచ్చినాడు. ముగ్గురు కలిసి వాణ్ణి ఎడమ అంచుకు నెట్టుకొని పోయారు. వాడి కాలు లాబీలో పడ్డది. అదే ఊపులో ఒకడు వాడి మడమ పట్టినాడు. కుర్రవాడు ఈడ్చుకొంటూ వచ్చి వేలికొనతో నడిగీత అందుకొన్నాడు. ఈల వేస్తున్న బడిపంతులుగారు అవుటన్నారు.

లాబీ సంగతి తెలియని వారి కోసం రెండు ముక్కలు. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆ పదిలోనే రెండు ప్రక్కలా ఒక్కొక్క మీటరు పట్టీ ఉంటుంది, దానినే లాబీ అంటారు. కూతకు వచ్చినవాడికి, పట్టేవారికి తాకిడి జరగనంతవరకు ఆ పట్టీ ఆటకు బయటి నేల. తాకిడి జరిగిన క్షణం నుండి అదే పట్టీ ఆటలో చేరిపోతుంది. సున్నపు గీత అంగుళమైనా కదలదు, కాని ఒక చెయ్యి ఒక భుజానికి తగలగానే సరిహద్దు మీటరు దూరం జరిగి కూర్చుంటుంది.

ఇక ఆ ఊళ్ళ వాదం. "ముందు కాలు పడింది, అవుటే" అని ఈ ఊరివారు. "ముందు మావాడి చెయ్యి మీవాడి భుజానికి రాసుకుంది. లాబీ ఆటలోకి వచ్చేసింది. వాడు గీత అందుకున్నాడు. తాకినవాడూ, పట్టినవాడూ, రెండు పాయింట్లు మావి" అని ఆ ఊరివారు. పంతులుగారు అబద్ధమాడే మనిషి కారు. అయితే ఆయన చూచినది కాళ్ళను. కాళ్ళను చూచేవాడికి భుజాలు ఎట్లా కనబడతవి? మమ్మల్ని సాక్ష్యం అడిగారు. సిగ్గు విడిచి ఒప్పుకొంటున్నాము: మేమూ కాళ్ళనే చూచాము. అంచున ఆడేటప్పుడు అందరి కళ్ళూ గీత మీదికే పోతవి, అదేమి మాయో!

ఆట ముగియలేదు. వండిన భోజనాలు సగం మిగిలిపోయినవి. మరుసటి ఏడు జాతరకు ఆ ఊరి జట్టు రానే లేదు. కుదరబోయిన ఒక సంబంధం కూడ మెల్లగా చల్లబడ్డదని విన్నాము.

సిడ్నీలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు ఈ కథ చెప్పాము. వాడు నవ్వి, "మామా, అక్కడ రగ్బీలో గోలు గీత దగ్గర అచ్చంగా ఇదే గొడవ" అన్నాడు. రగ్బీ మనవారికి బొత్తిగా తెలియని ఆటేమీ కాదు. 2025లో ముంబైలో జరిగిన లీగులో హైదరాబాదు పేరున ఒక జట్టు కూడ ఆడినది. వాడు చెప్పినది మాకు అర్థమైనంతలో మనవి చేస్తాము.

బంతి పట్టినవాణ్ణి పడవేస్తారు. బంతి నేల మీద ఉండగా దానిపైన ఇరుప్రక్కలవారు నిలబడి ఒకరినొకరు త్రోసుకొంటారు. దానిని రక్ అంటారు. ఆ పెనుగులాటలో లేనివారు పెనుగులాటలోని తమ జట్టువారి అందరికన్న వెనుకటి కొస దాటి ముందుకు రాగూడదు; వస్తే ఆఫ్‌సైడు, ఎదుటివారికి పెనాల్టీ. పెనుగులాట గోలు గీతను ఆనుకొని జరిగి, ఆ వెనుకటి కొస గీత మీదనో గీతకు అవతలనో ఉంటే, అప్పుడు కొసతో పని లేదు, గోలు గీతే హద్దు. ఇంతవరకు ఎవరైనా నేర్చుకోగలరు. చిక్కు ఆ పైన ఉన్నది. రక్‌లోని బంతి గోలు గీతను తాకినా, దాటినా, రక్ అక్కడితో ముగిసినట్లే. రక్ లేకపోతే దాని ఆఫ్‌సైడు హద్దూ లేదు. గీత వెనుక కాచుకొన్నవాడు ఆ క్షణం తరువాత బంతి మీదికి దూకితే న్యాయం, రెప్పపాటు ముందు దూకితే నేరం. బంతి చూడబోతే మనుష్యుల క్రింద ఉన్నది, దూకే పాదం మరొక ప్రక్క ఉన్నది. రెండింటినీ ఒకే మారు చూడడానికి రెఫరీకి ఉన్నవి రెండే కళ్ళు.

మేము పంతులుగారిని తలచుకొన్నాము. చూడవలసినది గీతను కాదు, ఆ గీతకు అర్థం మారే ఘడియను. అది ఎప్పుడూ గీతకు దూరంగానే జరుగుతుంది: చెడుగుడులో భుజం దగ్గర, రగ్బీలో బంతి దగ్గర. రగ్బీలో రెఫరీకి తోడు అంచుల వెంట ఇద్దరు సహాయకులను పెట్టినది, చెడుగుడులో రెఫరీతో పాటు ఇద్దరు అంపైర్లు ఉండవలెనన్నది ఊరికే కాదు. ఊళ్ళలో మనం ఈల ఒకరి చేతికిచ్చి, తిట్లు కూడ ఆయనకే ఒప్పజెప్తున్నాము.

కళ్ళు ఎన్ని ఉన్నా తీరని తగాదా కూడ ఉన్నది. 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో పురుషుల కబడ్డీ ఫైనలు భారతానికి, ఇరానుకు జరిగినది. స్కోరు 28-28, మిగిలిన సమయం కొద్ది నిముషాలలోపు. మన పవన్ సెహ్రావత్ కూతకు వెళ్ళి, ఎవరినీ తాకకుండానే లాబీలో కాలు పెట్టినాడు. వాణ్ణి పట్టబోయి ఇరాను ఆటగాళ్ళూ లాబీలోకి వచ్చారు. కెమెరాలకు అంతా కనబడ్డది. తేలనిది ఏ నిబంధన వర్తిస్తుందన్నది. వెంట వచ్చినవారు కూడ అవుటని ఒక లెక్క, కూతకు వెళ్ళినవాడొక్కడే అవుటని మరొక లెక్క. తీర్పు ఇటూ అటూ మారి, ఇరుజట్లూ కోర్టులోనే బైఠాయించి, ఆట గంటసేపు నిలిచినది. కడకు భారతం 33-29తో గెలిచినది. ఆసియా ఫైనలులోనే ఇట్లా జరిగితే వేరుసెనగ చేలో జరగడం ఎంతమాట!

మూడవ ఏడు పెద్దలు మాట్లాడుకొన్నారు. ఆట మొదలు కాకముందే లాబీ నిబంధన రెండు జట్లనూ నిలబెట్టి చదివి వినిపించారు. పంతులుగారు తాను చేతులనే చూస్తానన్నారు. కాళ్ళను చూడడానికి ఎడమ అంచున ఎవరని ప్రశ్న వస్తే, అలిగిపోయిన ఊరి పెద్దాయననే పిలిచి, "మామా, మీరే కూర్చోండి" అని కుర్చీ వేశారు. ఆయన తువాలు దులుపుకొని కూర్చొన్నాడు. ఆట సగం కాకుండానే ఆయన సొంత ఊరి కుర్రవాడి మడమ లాబీలో పడ్డది. పంతులుగారు చూచి, తాకిడి లేదని తల అడ్డంగా ఊపారు. పెద్దాయన ఒక్క క్షణం ఆగి, చెయ్యి పైకెత్తినాడు.

ఆ పాయింటు కాగితం మీద మేమే వ్రాసుకొన్నాము.