పొగ తిప్పే పంకా

కూచిపూడి నుంచి బెజవాడ వెళ్తూ పామర్రు దాటాక రోడ్డు కాస్త ఖాళీగా దొరికితే చాలు, పోలో జీటీ ఉన్న కుర్రాడి కాలు ఊరుకోదు. ఆ కారు మన మార్కెట్లోకి వచ్చింది 2013లో. ఇంజన్ చూస్తే 1.2 లీటర్లే, శక్తి మాత్రం 105 పీఎస్. పోలో తయారీ మన దేశంలో 2022లోనే ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ చేతులు మారినవే. కొన్నవాళ్లంతా మెకానిక్‌ని అడిగే మొదటి మాట: "అన్నా, పెద్ద టర్బో ఏస్తే ఎంత పెరుగుద్ది?"

దీనికి జవాబు చెప్పాలంటే 1905కి వెళ్లాలి. ఆ ఏడాది ఆల్‌ఫ్రెడ్ బ్యూకి అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు ఒక పేటెంట్ తీసుకున్నాడు. ఇంజన్‌లో మండిన ఇంధనం వేడిలో దాదాపు మూడో వంతు సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. ఆ వృథాయే ఆయన్ని నిద్రపోనివ్వలేదు. పోయే పొగకు అడ్డంగా ఒక చక్రం, అదే ఇరుసు రెండో కొసన ఇంకో చక్రం. మొదటి దాన్ని పొగ తిప్పుతుంది, రెండోది బయటి గాలిని పీల్చి ఇంజన్‌లోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ మండించొచ్చు. టర్బో అంటే ఇదే. నూట ఇరవయ్యేళ్లు గడిచినా ఈ బొమ్మ మారలేదు.

బొమ్మ సరే, పని చేయించడానికే ఆయనకు ఇరవయ్యేళ్లు పట్టింది. ఆ వేడికి నిలిచే లోహం అప్పట్లో లేదు. 1920ల మధ్యలో రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల డీజిల్ ఇంజన్లకు టర్బో బిగిస్తే 1750 హార్స్‌పవర్ కాస్తా 2500 అయింది. ఈలోగా అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ విమానాల కోసం ఇదే పనిలో పడ్డాడు. 1918లో ఆయన ఒక లిబర్టీ ఇంజన్‌ని పైక్స్ పీక్ అనే 14 వేల అడుగుల కొండ మీదికి చేర్చి నడిపి చూశాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ పైన పలచటి గాలిలో 230కి పడిపోయింది. టర్బో పెట్టగానే 356కి లేచింది.

కార్లకు ఇది చేరడం 1962లో. ఆ ఏడాది వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కథ మన కుర్రాళ్లంతా తెలుసుకోవాల్సింది. ఇంజన్‌లో కుదింపు అసలే ఎక్కువ, దాని మీద టర్బో. నాకింగ్, అంటే ఇంధనం తనంతట తానే పేలడం, రాకుండా నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని లోపలికి చిమ్మేవాళ్లు. డబ్బాలో ఆ ద్రవం అయిపోతే ఓనరే నింపుకోవాలి. చాలామంది నింపలేదు. చివరికి కంపెనీయే టర్బో పీకేసి మామూలు కార్బురేటర్ పెట్టివ్వడానికి సిద్ధపడింది! లోపం టర్బోది కాదు, దాని చుట్టూ ఉండాల్సిన ఏర్పాటుది. కారు టర్బోకి బుద్ధి నేర్పింది 1970ల చివర్లో స్వీడన్‌ సాబ్ వాళ్లు. పెద్ద టర్బో పెట్టి పై వేగాల కోసం ఎదురుచూడకుండా, చిన్నది పెట్టి త్వరగా తిరగనిచ్చారు. ఒత్తిడి మితిమీరితే పొగను పక్కదారి పట్టించే వాల్వ్ ఒకటి బిగించారు. దాన్నే వేస్ట్‌గేట్ అంటాం.

పెద్ద టర్బో ఎందుకు ఆలస్యంగా లేస్తుందో కూచిపూడి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నట్టువాంగం తాళం పడ్డాక అడుగు లేటుగా పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. యాక్సిలరేటర్ తాళం, ఇంజన్ లాగుడు అడుగు. చక్రం పెద్దదయ్యేకొద్దీ బరువెక్కుతుంది, దాన్ని తిప్పడానికి పొగ ఎక్కువ కావాలి. 1.2 లీటర్ల ఇంజన్‌కి కింది వేగాల్లో అంత పొగ ఎక్కడిది? గేరు మార్చిన ప్రతిసారీ తాళం తప్పుతుంది.

ఇక మన ఎండల సంగతి. మే నెలలో బెజవాడ గాలి 45 డిగ్రీలు ఉందనుకుందాం. కంప్రెసర్ ఆ గాలి పీడనాన్ని రెట్టింపు చేస్తే, అది మంచి సామర్థ్యంతో పనిచేసినా సరే, గాలి దాదాపు 145 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి పీడనం రెట్టింపైనా దక్కే గాలి ఒకటిన్నర రెట్లే. దాన్ని ఇంటర్‌కూలర్‌లో 65 డిగ్రీలకు దించితే ఒకటీ ముప్పావు దాటుతుంది. పైగా వేడిగాలి నాకింగ్‌ని పిలుచుకొస్తుంది. అది పసిగట్టిన ఈసీయూ, అంటే ఇంజన్ని నడిపే కంప్యూటర్, ఇంజన్ దెబ్బతినకుండా ఇగ్నిషన్‌ని వెనక్కి లాగుతుంది, కొన్న పవర్ కాస్తా అక్కడే పోతుంది. నన్నడిగితే డెల్టాలో మొదటి ఖర్చు టర్బో మీద కాదు, ఇంటర్‌కూలర్ మీద పెట్టాలి. కుర్రాళ్లకి ఈ సలహా నచ్చదు, బానెట్ ఎత్తి చూపించుకోవడానికి ఏముంటుంది మరి!

టర్బో అంటే ఏమిటో బెజవాడ ఆటోనగర్‌కి ఎప్పట్నుంచో తెలుసు. లారీలు నేర్పాయి, 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్ చిన్న టర్బోల పని కూడా నేర్పింది. అక్కడ చేయితిరిగిన మనిషి టర్బో చేతికివ్వగానే ముందు ఇరుసు కొసని రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తాడు. కొంచెం కదిలితే పర్లేదంటాడు. ఆ ఇరుసు తిరిగేది ఆయిల్ పొర మీద తేలుతూ, పొరకు సందు ఉండాల్సిందే. తర్వాత ముందుకీ వెనక్కీ లాగి చూస్తాడు. అది తెలిసేలా కదిలిందంటే త్రస్ట్ బేరింగ్ పోయినట్టే. ఆపైన చక్రం రెక్కల అంచులు గోడకి రాసుకున్నాయేమో వెలుతురులో తిప్పి చూస్తాడు. నాలుగు సెంటీమీటర్ల చక్రం నిమిషానికి రెండు లక్షల చుట్లు తిరిగితే దాని అంచు ధ్వని కంటే వేగంగా పోతుంది. అక్కడ రవ్వంత బ్యాలెన్స్ తప్పినా కొత్త టర్బో నెల తిరక్కుండా నీలంపొగ పెడుతుంది.

అయితే లారీ తెలివి పెట్రోల్ కారుకి మక్కీకి మక్కీ పనికిరాదు. డీజిల్ పొగ సుమారు 800 డిగ్రీలు, పెట్రోల్ పొగ 950 కూడా దాటుతుంది. డీజిల్ టర్బో చవగ్గా దొరికింది కదా అని పోలోకి తగిలిస్తే చక్రం, హౌసింగ్ రెండూ ఆ వేడికి చాలవు. రెండోది గేర్‌బాక్స్. పోలో జీటీలో ఉన్న ఏడు గేర్ల డీఎస్‌జీని రూపొందించింది 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కి, కంపెనీ ఇంజన్ ఇచ్చేది 175. ఈసీయూ ప్రోగ్రామ్ మార్చి పాత టర్బోతోనే కాస్త పెంచుకుంటే ఆ తేడాలో ఇమిడిపోవచ్చు. పెద్ద టర్బో తెస్తే క్లచ్, ఇంజెక్టర్లు, ఎగ్జాస్ట్ అన్నీ దాని వెంట క్యూ కడతాయి.

కంపెనీ స్థాయిలో ఈ పని ఎలా చేస్తారో చూడాలంటే కోయంబత్తూరు జయెమ్ వాళ్లు టాటాతో కలిసి 2018లో తెచ్చిన టియాగో జేటీపీని చూడండి. మామూలు టియాగో 85 పీఎస్ అయితే ఇది 114. అందుకోసం టర్బో ఒక్కటే తగిలించి ఊరుకోలేదు. ఇంజన్నే మార్చారు, సస్పెన్షన్‌ని 4 మిల్లీమీటర్లు దించారు, చక్రాలు పెద్దవి వేశారు. 2020లో ఆ కారు ఆగిపోయింది. మంచి కండిషన్‌లో ఒకటి దొరికితే, విడిభాగాలు వెతుక్కుంటూ తిరిగే ఖర్చుతో పోల్చి చూసుకోండి.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగాక బీమా కంపెనీతో తగాదా దీనికి అదనం. టర్బో కారుని నిజంగా తొక్కి చూడాలనుంటే కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఇంకో ట్రాక్ ఉంది. రైలు టిక్కెట్ కొనుక్కుని అక్కడికి వెళ్లండి. మన రోడ్ల మీద కోతల కాలంలో సగం వెడల్పున వడ్లు ఆరబోసి ఉంటాయి.